సిరిమానును తొలిసారి చూడబోయేవారికి

శరన్నవరాత్రులు సమీపించే రోజులలో మిత్రులు, బంధువులు, శ్రోతలు కొందరు ఏటేటా నన్ను ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటారు. “విజయనగరం సిరిమాను ఉత్సవానికి ఈసారి మొదటిసారిగా వెళ్లదలచినాము. ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుంది?” ప్రశ్న చిన్నదే. సమాధానం చెప్పడానికి మాత్రం రెండున్నర శతాబ్దాలకు పైగా వెనుకకు పోవలసి ఉంటుంది. ఎక్కడ నిలబడాలో నిర్ణయించుకోవడానికి ముందు ఏమి చూడాలో తెలియాలి. ఏమి చూడాలో తెలియాలంటే ఆ ఉత్సవం ఏ దుఃఖంలో పుట్టినదో తెలియాలి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇదేమీ ఎరుగను. కళాశాల చదువు అప్పుడే ముగిసినది. మధ్యాహ్నం పన్నెండు గంటలకే కోట సమీపాన ఒక చోటు చూసుకొని ఎండలో నిలబడినాను. ఎదురుచూసి ఎదురుచూసి కాళ్లు లాగిన తరువాత జనసముద్రం ఒక్కసారిగా ఉప్పొంగినది. తలల మీదుగా, ఆకాశంలో, ఒక మాను కొస కనిపించినది. ఆ కొసన కూర్చున్న పూజారి కనిపించినాడు. నేను చేతులు జోడించేలోగా వెనుకవారు నన్ను పక్కకు నెట్టివేసినారు. తిరిగి వస్తూ దాహానికి ఒక ఇంటి ముంగిట ఆగితే, అరుగు మీది ముసలమ్మ మంచినీళ్లిచ్చి, “ఏటి సూసినావు బాబూ?” అని అడిగినది. సిరిమాను చూసినానన్నాను. “మరి వల సూసినావా?” అన్నది. ఏ వల అని నేను తెల్లబోయినాను. “వల సూడకుండా మాను సూస్తే కత సగమే గదా నాయనా” అని ఆమె నవ్వినది. ఆ మిగిలిన సగాన్ని తెలుసుకోవడానికి నాకు చాలా సంవత్సరాలు పట్టినది. తొలిసారి వెళ్లేవారికి అంత ఆలస్యం కాకూడదని ఈ నాలుగు మాటలు.

విజయనగరం కోట 1713లో నిర్మింపబడినది. పూసపాటివారి రాజధానిగా ఆ పట్టణం ఎదుగుతున్న కాలంలోనే దక్షిణాదిలో ఆంగ్లేయులకు, ఫ్రెంచివారికి పెనుగులాట సాగుతున్నది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చినాడు. వారి సేనాని బుస్సీ ఈ ప్రాంతపు వ్యవహారాలను చక్కబెట్టుకోవడానికి పూసపాటి పెదవిజయరామరాజుతో మైత్రి చేసి, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారుల ఇజారాను ఆయనకు అప్పగించినాడు. పొరుగున ఉన్న బొబ్బిలి వెలమ దొరలకు, విజయనగర ప్రభువులకు అప్పటికే సరిహద్దు తగవులు, నీటి తగవులు ఉన్నవి. ఇరుగుపొరుగు పగలో పరాయి ఫిరంగి చేరినది.

1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోట మీద ముట్టడి జరిగినది. ఫ్రెంచి ఫిరంగుల ముందు మట్టికోట నిలువలేకపోయినది. ఓటమి తప్పదని తెలిసిన బొబ్బిలివారు తమ స్త్రీలను, పిల్లలను శత్రువుల చేత చిక్కనీయక తామే కడతేర్చి, కత్తులు దూసి చివరివరకు పోరాడి నేలకొరిగినారు. రంగారావు పసిబిడ్డ ఒక్కడు బ్రతికి బయటపడినాడు. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ పద్దెనిమిదవ శతాబ్దంలోనే ఈ ఘోరాన్ని విపులంగా గ్రంథస్థం చేసినాడు. కొద్ది దినాలకే, విజయం చేతికందిన విజయరామరాజు తన గుడారంలోనే రాత్రివేళ హతుడైనాడు. ఆ పని చేసినవాడు తాండ్ర పాపారాయుడని తెలుగుదేశమంతా ఎరుగును.

ఈ కథ బొబ్బిలి పక్షాన మనకు బాగా తెలుసు. జంగం కథకులు దానిని ఊరూరా వినిపించినారు. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’, 1986లో ‘తాండ్ర పాపారాయుడు’ చలనచిత్రాలుగా వచ్చినవి. వీటిలో విజయరామరాజు పరాయివారిని ఇంటికి తెచ్చుకొన్న ప్రతినాయకుడు. మరి విజయనగరం ఆ యుద్ధాన్ని ఎలా జ్ఞాపకం ఉంచుకొన్నది? గెలిచినవారు సాధారణంగా విజయస్తంభాలు నిలుపుతారు. విజయనగరం ప్రజలు మాత్రం యుద్ధం వద్దన్న ఒక ఆడపడుచుకు గుడి కట్టి మొక్కుతున్నారు.

ఆమెయే పైడితల్లి. ఆమె కథ మనకు గ్రంథాల ద్వారా కాక జనశ్రుతి ద్వారా అందినది. కనుక దానిని జనశ్రుతిగానే చెప్పుకొందాము. పైడిమాంబ విజయరామరాజు చెల్లెలు, దేవీభక్తురాలు. బొబ్బిలి మీదికి పోవద్దని అన్నను వేడుకొన్నదట. అన్న వినలేదు. ఆయనకు ప్రాణహాని రానున్నదని ఆమెకు స్వప్నంలో తోచినది. హెచ్చరించుదామని పతివాడ అప్పలనాయుడు మొదలైన వారిని వెంటబెట్టుకొని బయలుదేరినది. దారిలోనే అన్న మరణవార్త చెవిని పడినది. ఆమె కుప్పకూలి, తన ప్రతిమ పెద్దచెరువులో లభిస్తుందనీ, దానిని తెచ్చి గుడి కట్టి పూజింపుమనీ అప్పలనాయుడితో చెప్పి కన్నుమూసినది. తరువాత బెస్తవారు చెరువులో వలలు వేసి వెదకగా ప్రతిమ దొరికినది. ఇదీ కథ. ముసలమ్మ అడిగిన వల ఇదే. ఉత్సవం నాడు సిరిమాను ముందు బెస్తవారు వల పట్టుకొని నడుస్తారు. తెలియనివారికి అది జనంలో ఎవరో పట్టుకొన్న పాత వలవలె కనిపించి దాటిపోతుంది. తెలిసినవారికి అది నీళ్లలోనుంచి తల్లిని తిరిగి తెచ్చుకొన్న చేతుల గుర్తు.

ఇక ఊరి సంగతి. అమ్మవారికి రెండు ఆలయాలు ఉన్నవి. రైల్వేస్టేషను సమీపాన ఉన్నది వనంగుడి. పట్టణం నడుమ, మూడులాంతర్ల కూడలిలో ఉన్నది చదురుగుడి. చదురు అంటే కొలువు, సభ. వనంలో ఉండే తల్లి జనం మధ్యకు వచ్చి కొలువుదీరే చోటు అది. మూడులాంతర్ల నుంచి కోటకు పోయే రాజమార్గమే సిరిమాను తిరిగే దారి. పెద్దచెరువు పట్టణాన్ని ఆనుకొని ఉన్నది. ఈ నాలుగు స్థలాలను, అంటే వనంగుడి, చదురుగుడి, కోట, పెద్దచెరువులను, ఉత్సవానికి ముందే ఒకసారి కాలినడకన చూసి రావడం నేను చెప్పగల మొదటి హితవు. మంగళవారం నాడు ఆ దారి జనంతో నిండిపోయిన తరువాత ఏ వీధి ఎటు పోతుందో పరదేశికి తెలియదు. ముందు రోజు చూసి పెట్టుకొన్నవారికి పక్క సందులు, నీడ గల అరుగులు, తిరిగిపోయే త్రోవలు గుర్తుంటవి.

రెండవది తేదీ విషయం. విజయదశమి వెళ్లిన తరువాత వచ్చే మొదటి మంగళవారం సిరిమానోత్సవం. దసరా సెలవులలోనే జరుగుతుందనుకొని బయలుదేరి భంగపడినవారు ఉన్నారు. 2024లో దసరా అక్టోబరు 12న రాగా సిరిమాను 15న తిరిగినది. 2023లో సిరిమానోత్సవం అక్టోబరు 31న, అంటే దసరా దాటి వారం గడిచిన తరువాత జరిగినది. కనుక పంచాంగం చూసి, దేవస్థానంవారి ప్రకటన విని ప్రయాణం కట్టండి. విజయనగరం హౌరా, మద్రాసు ప్రధాన మార్గం మీద ఉన్న రైలు కూడలి. రాయపూరు వైపు మార్గం ఇక్కడే చీలుతుంది. శ్రీకాకుళం వైపువారు ఆమదాలవలసలో రైలెక్కవచ్చును. ఉత్సవం నాడు బస్సులను ఊరి వెలుపలనే ఆపివేయడం పరిపాటి గనుక, వనంగుడికి దగ్గరగా దించే రైలే మేలు.

మూడవ మాట చాలా ముఖ్యమైనది. సోమవారమే చేరుకోండి. సిరిమానుకు ముందు రోజును తొలేళ్లు అంటారు. తొలి ఏరు, అంటే మొదటి నాగలి, అనే మాట నుంచి ఇది వచ్చినదని పెద్దలు చెపుతారు. ఆ రాత్రి ఘటాలు ఊరేగుతవి. పూజారి రైతులకు విత్తనాలు పంచుతాడు. చుట్టుపట్ల పల్లెల రైతులు ఆ గుప్పెడు గింజలను కొంగున ముడివేసుకొనిపోయి తమ విత్తనాలలో కలుపుకొంటారు. యుద్ధంలో కూలిన వంశపు ఆడపడుచు పేరిట, యుద్ధంతో ఏ సంబంధమూ లేని సేద్యగాని చేతిలో విత్తనం పడుతున్నది. సిరిమానును ఒక్కదానినే చూసి తిరిగిపోయేవారికి ఈ దృశ్యం దక్కదు.

తొలేళ్ల నాడు వీధులలో వేషాలు చూడవలసినవి. పులివేషగాళ్లు డప్పుల దరువుకు అడుగులు వేస్తారు. మొక్కుబడి ఉన్నవారు, సరదా ఉన్నవారు రకరకాల వేషాలు కట్టుకొని తిరుగుతారు. ఈ కాలపు యువకులకు ఒక పోలిక చెపుతాను. అమెరికాలో శాన్ డియేగో నగరాన 1970 నుంచి బొమ్మల కథల అభిమానుల మహాసభ ఒకటి జరుగుతున్నది. అటువంటిది 2013లో హైదరాబాదుకూ వచ్చినది. కామిక్ కాన్ అని దాని పేరు. అక్కడికి వచ్చేవారు తమకు ఇష్టమైన కథానాయకుల వేషం ధరించి తిరుగుతారు. తొలిసారి పోయేవారికి అక్కడ చెప్పే హితవులు విని నేను ఆశ్చర్యపడినాను. సుఖమైన పాదరక్షలు ధరించు, నీళ్లు వెంట ఉంచుకో, అన్నీ ఒకేసారి చూడాలని పరుగెత్తకు, వేషధారిని అడగకుండా తాకకు, అడిగి ఛాయాచిత్రం తీసుకో. ఇవన్నీ మన జాతరలలో పెద్దలు పిల్లలకు చెప్పుకొనే మాటలే. అక్కడ అచ్చయిన పుస్తకంలోని కథ మనిషి రూపం ధరిస్తుంది. ఇక్కడ నోటినుంచి నోటికి వచ్చిన కథ అదే పని చేస్తున్నది. పులివేషం వేసేవాడు ఒంటినిండా రంగు పూసుకొని, గంటల తరబడి ఎండలో ఆడుతాడు. రంగు చెరిగేటట్లు చేయి వేయకండి. ఆట చూసినందుకు చేతనైనది ఇవ్వడం మరవకండి.

ఇక మంగళవారం. సిరిమాను అంటే చింతమాను. ఏ ఊళ్లో, ఎవరి తోటలో ఉన్న చెట్టు కావలెనో అమ్మవారు పూజారికి కలలో కనిపించి చెపుతుందని విశ్వాసం. చెట్టు యజమాని దానిని భాగ్యంగా భావించి ఇస్తాడు. పూజలు చేసి, కొట్టి, బండ్ల మీద హుకుంపేటకు తెస్తారు. అక్కడ వడ్రంగులు దానిని చెక్కి సిద్ధం చేస్తారు. దాదాపు యాభై, అరవై అడుగుల పొడవు గల ఆ మానును, ఇరుసుమాను ఆధారంగా రథం మీద అమర్చి, కొసన ఆసనం కట్టి, దాని మీద వంశపారంపర్య పూజారిని కూర్చుండబెడతారు. మొదలు కిందికి వంగితే కొస ఆకాశానికి లేస్తుంది. పూజారి ఆ వేళ అమ్మవారి ప్రతిరూపం. పూర్వం తెలుగునాట, దక్షిణాదిలోని ఇతర ప్రాంతాలలోనూ సిడి అనే క్రూరమైన మొక్కుబడి ఉండేది. భక్తుని వీపున ఇనుప కొక్కెం గుచ్చి ఎత్తయిన మ్రాను కొసన వ్రేలాడదీసి తిప్పేవారు. పందొమ్మిదవ శతాబ్దంలో దొరతనంవారు, సంస్కర్తలు దానిని నిరసించగా అది క్రమంగా అణగిపోయినది. సిడిమాను మాటే సిరిమాను అయినదని కొందరి ఊహ. సిరి అంటే లక్ష్మియే అని ఊరివారి మాట. ఏది నిజమైనా, విజయనగరంలో మనం చూసేది నెత్తురు చిందని ఉత్సవం. కొక్కెం ఉండవలసిన చోట ఆసనం ఉన్నది.

సిరిమాను ఒంటరిగా రాదు. దాని ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తవి. అంజలి రథం మీద అమ్మవారి పరిచారికల వేషం ధరించినవారు సిరిమాను వైపు అక్షతలు చల్లుతూ ఉంటారు. వీటి తరువాత మధ్యాహ్నం వేళ చదురుగుడి నుంచి సిరిమాను బయలుదేరి కోట వరకు పోయి తిరిగి వస్తుంది. ఇట్లా ముమ్మారు. కోట ముందర రాజకుటుంబీకులు ఆసీనులై దర్శించడం ఆచారం. చెల్లెలు మూడుసార్లు పుట్టింటి వాకిటికి వచ్చి అన్న క్షేమం విచారించి పోతున్నట్లు నాకు ప్రతిసారీ తోస్తుంది.

ఈ ముమ్మారు అనే మాటను తొలిసారి వెళ్లేవారు గట్టిగా జ్ఞాపకం ఉంచుకోవలె. తొక్కిడి అంతా మొదటి రాకకే. ఇదే ఆఖరి అవకాశం అన్నట్లు జనం ముందుకు తోసుకొంటారు. నిజానికి మాను ఇంకా రెండుసార్లు అదే దారిని వస్తుంది. కనుక మొదటి తడవ వెనుక నిలబడి ముందు నడిచే వరుసను, ముఖ్యంగా వలను, నిదానంగా చూడండి. రెండవ తడవ మానును చూడండి. మూడవ తడవ చూస్తున్న జనాన్ని చూడండి. తూర్పు కనుమల గిరిజన గూడేల నుంచి, సముద్రపుటొడ్డు పల్లెల నుంచి, ఒడిశా సరిహద్దు గ్రామాల నుంచి వచ్చిన ముఖాలు అవి. కూడలి మధ్యనూ, కోట ద్వారం ఎదుటనూ నిలువవద్దు. చదురుగుడికీ కోటకూ నడుమ, పక్కకు సందు ఉన్న చోట, వీధి అంచున నిలబడితే వెనుకకు జరగడానికి దారి ఉంటుంది. పోలీసులు కట్టిన తాళ్లను, కర్రల కంచెలను దాటకండి. బరువైన మాను తిరిగేటప్పుడు దాని మొదలు ఎటు వంగునో లాగేవారికే తెలుసు.

భక్తులు సిరిమాను మీదికి అరటిపళ్లు విసరడం ఆచారం. మొక్కు ఉన్నవారు విసరండి. కాని పైన కూర్చున్నవాడు ఉపవాసంలో ఉన్న మనిషి అని మరువకండి. పండును మెల్లగా, పైకి విసరవలె. సూటిగా గురిపెట్టి కొట్టడం భక్తి అనిపించుకోదు. పసిపిల్లలను భుజాన ఎత్తుకొని గుంపు మధ్యకు పోవద్దు. వారికి మేడ మీద చోటు ఇవ్వగల బంధువులు ఊళ్లో ఎవరో ఒకరు ఉండకపోరు. పెద్దపిల్లల జేబులో పేరు, ఊరు, ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. అంత జనంలో ఫోనులు తరచు పలుకవు. తప్పిపోతే గంటస్తంభం దగ్గర కలుసుకొందామని ముందే చెప్పుకోండి. బంగారం ఇంటనే ఉంచండి. అక్టోబరు ఈ తీరాన తుపానుల మాసం. 2014లో హుద్ హుద్, 2018లో తిత్లీ ఈ మాసంలోనే వచ్చి ఉత్తరాంధ్రను కలచివేసినవి. మబ్బు పట్టిన రోజున వాన తప్పదనుకొని బయలుదేరండి. గుంపులో గొడుగు తెరిస్తే వెనుకవారికి అడ్డమూ, పక్కవారి కంటికి ప్రమాదమూను. తలకు తువ్వాలు చాలును.

2020లో మహమ్మారి కారణంగా బయటి జనాన్ని రానీయకుండా ఆంక్షల మధ్య ఉత్సవం జరిపినారు. ఆ యేడు సిరిమాను తిరిగినది కాని వీధులు మూగబోయినవి. జనం లేకపోతే ఈ ఉత్సవంలో ఎంత లోటో ఆ ఒక్క యేడు తెలియవచ్చినది. మనం చూడడానికి పోయే జనంలో మనమూ ఒకరమని, ఎదుటివారి దర్శనానికి మనమే అడ్డమో, తోడో అవుతామని గుర్తించడమే జాతర మర్యాద.

చివరిగా ఒక్క మాట. మంగళవారం రాత్రికే తిరుగు బండి ఎక్కకుండా, వీలైతే మరునాడు బొబ్బిలికి వెళ్లండి. రెండూ నేడు ఒకే జిల్లాలో ఉన్నవి. రెండు పూటల ప్రయాణం కూడా కాదు. బొబ్బిలిలో ఆ యుద్ధపు జ్ఞాపకాలను చూసినప్పుడు విజయనగరంలో చూసిన వలకు, మానుకు కొత్త అర్థం తోస్తుంది. ఒక ఊరు తన వీరులను తలచుకొంటున్నది. పొరుగూరు ఆ యుద్ధం వద్దన్న చెల్లెలిని తలచుకొంటున్నది. పగపట్టిన ఇద్దరు ప్రభువులూ పోయినారు. వారిని తన పనికి వాడుకొన్న బుస్సీ మరుసటి యేడే ఈ సర్కారులను విడిచి దక్షిణానికి తరలిపోయినాడు. 1758 ముగిసేలోగా చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడి, విజయరామరాజు వారసుడు ఆనందగజపతి పిలిచిన ఆంగ్లేయులు ఈ గడ్డ మీద కాలూనినారు. ఇన్ని మారిపోయిన తరువాత మిగిలినది ఆ ఆడపడుచు పేరే.

ఈమధ్య ఒక తొలేళ్ల నాడు మా బంధువుల పిల్లవాడిని వెంటబెట్టుకొని వెళ్లినాను. వాడు కూడా నావలెనే, “మాను ఎప్పుడు వస్తుంది?” అని పదేపదే అడిగినాడు. నేను వాడిని మొదట పెద్దచెరువు గట్టుకు తీసుకొనిపోయి కథ చెప్పినాను. మరునాడు మధ్యాహ్నం ఊరేగింపు రాగానే, సిరిమాను ఇంకా మలుపు తిరుగకముందే, వాడు నా చేయి పట్టి లాగి, “అదిగో వల!” అని కేక వేసినాడు. పక్కన నిలబడిన పల్లెటూరి స్త్రీలు ఇద్దరు వాడి వైపు చూసి, ముందుకు రమ్మని దారి ఇచ్చినారు.